తాడుకి ఇవతల

మొదటి రోజు పాఠంలో కెమెరా ఉండదు.
పడవ దిగిన ఏడుగుర్నీ బండ మీద కూర్చోబెట్టి
గంటసేపు ఊరికే ఉండమంటాను.
ఆ గంటలో దోమలు
అందరితో పరిచయం చేసుకుంటాయి.

సయిమా సరస్సులో మా దీవి అరచెయ్యంత.
ఈ చివర దగ్గితే ఆ చివర వినబడుతుంది.
పైన్ చెట్లు, బిల్బెర్రీ పొదలు,
కట్టెల పొయ్యితో ఒక ఆవిరిస్నానపు గది,
మంచు కరిగి వెళ్ళిపోతూ
ఇక్కడే మరిచిపోయిన నున్నటి బండలు.
జూన్‌లో చీకటి పడదు,
పడబోయి మనసు మార్చుకుంటుంది.
రాత్రి పదకొండుకి నీళ్ళది రాగి రంగు,
మూడింటికల్లా సీసం.
"మరి నిద్రెప్పుడు?" అంటాడు ఒస్మో.
"అక్టోబరులో."

ఉత్తరం వైపు మడుగు దగ్గర
రెండు బర్చ్ చెట్లకి ఎర్ర తాడు కట్టాను.
అవతల, నీటి అంచున, కుయిక్కా గూడు.
అది ఎలా అరుస్తుందో అదే దాని పేరు మా భాషలో.
బూడిద రంగు తల,
మెడ మీద దువ్వెనతో గీసినట్టు తెల్ల గీతలు.
నీళ్ళలో దానికి ఎదురులేదు,
నేల మీద నాలుగడుగులు నడవలేదు.
అందుకే నీటికి జానెడు దూరంలోనే గుడ్లు పెడుతుంది.
తాడు దాటకూడదు.
ఈ దీవిలో చట్టమంటూ ఉంటే అదొక్కటే.

సీనియా పళ్ళ డాక్టరు దగ్గర నర్సు.
నాచు మీదికి వంగి
"కాస్త నోరు తెరువు" అన్నట్టే చూస్తుంది.
రౌనో కాగితం మిల్లులో
ముప్ఫై నాలుగేళ్ళు కరెంటు పని చేశాడు.
ఎడమ కంటికి పొర.
అందరూ పక్షికి గురిపెడితే
అతను వాళ్ళ వీపుల్ని తీస్తాడు.
ఒస్మోకి ఇరవై. మోచేతంత లెన్సు,
జేబులో నా వర్క్‌షాప్ కరపత్రం.
దాని అట్ట మీద గూట్లో కూర్చున్న కుయిక్కా,
పండిన క్రాన్‌బెర్రీ లాంటి ఎర్ర కన్ను,
ఆ కంట్లో చిన్నగా నేను.

మూడో రాత్రి తాడు దగ్గర అడిగాడు:
"ఇది ఎంత దూరం నుంచి తీశారు?"

చుట్టూ ఇన్ని నీళ్ళు.
నేనూ నీళ్ళే నమిలాను.

"నాలుగడుగులు" అన్నాను చివరికి.

పదకొండేళ్ళ కిందట, ఈ మడుగులోనే.
పొట్ట మీద పాక్కుంటూ వెళ్ళాను.
వెలుతురు కుదిరింది, తల తిప్పింది, తీశాను.
అది నీళ్ళలోకి జారుకుంది.
అప్పుడైనా వెనక్కి రావాల్సింది.
మళ్ళీ వచ్చి కూర్చుంటుంది కదా,
ఇంకొక్కటి, అనుకున్నాను.
వచ్చింది బూడిద కాకి.
ఒక గుడ్డు పట్టుకెళ్ళి,
తీరిగ్గా రెండోదానికి తిరిగొచ్చింది.
నా వేలు షట్టర్ మీదే ఉంది.
ఆ ఫొటోకి వచ్చిన బహుమతి డబ్బుతోనే
మిమ్మల్నెక్కించి తెచ్చిన పడవ కొన్నాను.
తరవాత పది వేసవులు ఈ మడుగు ఖాళీ.
ఇవి అవే పక్షులా, వేరేవా, నాకు తెలీదు.

ఎవరూ ఏమీ అనలేదు.
సీనియా లెన్సు మూత పెట్టింది,
అది తెరిచి ఉన్నట్టు కూడా నేను చూడలేదు.
రౌనో వెళ్ళి తాడు ముడి విప్పాడు.
పన్నెండు అడుగులు వెనక్కి నడిచి
వేరే రెండు చెట్లు ఎంచుకుని కట్టాడు,
ఊడి వస్తే ప్రాణం పోతుందన్నంత గట్టిగా.

ఆఖరి రాత్రి ఆవిరిస్నానపు గది గోడకి
దుప్పటి కట్టి ఫొటోలు చూశాం.
సీనియా నాచు అడవంత ఉంది.
ఒస్మోవి రెండొందల పైన,
అన్నీ పదునుగా, అన్నీ దూరంగా.
రౌనో చూపించింది ఒకటే.
వరసగా వీపులు, చివర నాది కూడా.
ముందు ఎర్రగా తాడు, దూరాన బూడిద రంగు మరక.
పక్షో, రాయో.
"ఫోకస్ దేని మీద పెట్టావు?" అన్నాను,
పంతులు అలవాటు.
"ఈ కంటితో నాకేం తెలుసు" అన్నాడు,
కాఫీ పోసుకుంటూ.

వాళ్ళని రేవులో దింపి వచ్చాక
లైఫ్ జాకెట్లు ఆరేశాను.
అలమరలో ఇంకా మూడొందల కరపత్రాలు.
పిల్లలయ్యాయో లేదో
జూలై రెండో వారానికి గానీ తెలీదు.
తాడు ఇవతలే నిలబడి కాసేపు విన్నాను.

సాయంత్రం పొయ్యి వెలిగించడానికి
ఒక కట్ట కరపత్రాలు పెట్టాను.
మెరుపు కాగితం, తొందరగా అంటుకోదు.
బర్చ్ బెరడు కూడా వేయాల్సి వచ్చింది.